స్టాకుపట్టికోద్ధరణము

ధూమపటల పరివేష్టిత గగనతలమూ, లారీహారన్ భేరీనినాద బధిరీకృత దిఙ్మండలమూ గల పాశమైలారమనే పారిశ్రామిక మహాక్షేత్రంలో, మహర్నవమీ పుణ్యదినాన, పగలు పదకొండున్నర గంటల వేళ, ఒకానొక పంపుల కార్ఖానా స్టోర్సు గదిలో వీరవనిత రవళి తన ఫోను చూసుకుని హతాశురాలైంది. తెర తెల్లగా ఉంది. పట్టిక లేదు.

ఏ పట్టిక అంటారా, చెబుతాను, తొందరపడకండి. ఆ కార్ఖానా స్టాకు సమస్తమూ ఒక్క ఎక్సెల్ ఫైలుగా పుట్టి, చేతులు మారి మారి, ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్ అనే మూడు తలల రాక్షసిగా పెరిగి, ఏ తల నిజమో తేల్చే పనిలో రవళికి రోజూ సాయంత్రం ఆరు గంటల బస్సు తప్పించేది. తత్సంహారార్థం ఆ కార్యశూర మూడు వారాల భోజనవిరామాలను త్యజించి, కోడు రాయనక్కరలేకుండా డేటాబేసును గళ్ల పట్టికగా చూపించే ఉపకరణమొకటి సంపాదించి, పరాయి సర్వర్ల పంచన చేరనని శపథం పట్టి, మెయింటెనెన్సు గది మూలనున్న పాత కంప్యూటర్లో, అక్కణ్ణుంచి వైఫై మీద ఫోన్లకు అందేలా దాన్ని ప్రతిష్ఠించింది.

"పన్నెండింటికి స్టాకు నా ఫోన్లో కనపడాలమ్మా. లేదంటే నీ డబ్బా ఆటలు కట్టిపెట్టి, పండగెళ్లాక మళ్లీ పాత ఫైలే" అని మేనేజరు బాపిరాజు గారు నిన్ననే తీర్పిచ్చి ఉన్నారు.

రవళి పాస్‌వర్డు పరంపరలు ప్రయోగించింది. వైఫైని ఆపి లేపింది. ఏ పాచికా పారలేదు. అంతట చున్నీ నడుముకు బిగించి, హెల్పరు పుష్ప వినేటట్టు ఇట్లా గర్జించింది:

"సూడు పుష్పక్కా, మూడు వారాలు సల్లబడ్డ బువ్వ తిన్న. ఆ మూడు ఫైళ్ల మొఖం నేను మళ్ల సూడ. ఈ బెల్టులు, ఈ బేరింగులు, ఈ నట్లు అన్నీ సాక్ష్యం."

"గదంతా సరేగని, డబ్బా కాడికి పోయి సూసినవా?" అంది పుష్ప.

చూడలేదు. పరుగున వెళ్లింది. ఆహా, ఏం దృశ్యం. కంప్యూటరుకు పసుపు బొట్లు, బంతిపూల దండ, ముందు కొబ్బరికాయ. ప్లగ్గు పీకి ఉంది. పక్కనే పాత ఫిట్టరు యాదన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆయుధపూజ నాడు మిషన్ నడిపిస్తరా బిడ్డా? లేత్ బంద్ జేసిన, డ్రిల్లు బంద్ జేసిన. ఇది గూడ మూడు వారాల సంది ఒక్క పూట ఆగలే. జెర రెస్టియ్యాలె గద."

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు రవళికి అక్కడే ఆగిపోయింది. ఆ డబ్బాను మిషన్ అన్నవాడు కార్ఖానా మొత్తంలో ఈయనొక్కడే.

"యాదన్నా, పూజైనంక లేత్‌ను ఒక్కసారి తిప్పి సూస్తవు గద. దీన్ని గూడ తిప్పు."

ధర్మసూక్ష్మం ఎరిగిన యాదన్న వెంటనే అగ్గిపుల్ల గీశాడు. కర్పూరం వెలిగించాడు, కొబ్బరికాయ కొట్టాడు, ప్లగ్గు తానే పెట్టాడు. ఫ్యాను గుర్రుమంది. పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఫోన్లో పట్టిక లేచింది, బాపిరాజు గారూ వచ్చారు.

యాదన్న రవళి ఫోన్లోకి తొంగి చూశాడు. "పంపు బేరింగులు పన్నెండు గాదు బిడ్డా. పొద్దుగాల ఒకటి నేనే తీసిన."

"అయితే నువ్వే దిద్దు."

జన్మలో కంప్యూటరు పట్టిక దిద్దని ఆ వీరుడు పసుపు వేలితో గడిని నొక్కి, ఆమె చూపించినట్టు అంకె మార్చాడు. ఎదురుగా బాపిరాజు గారు తన ఫోను చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇదేంటమ్మా, నా దాంట్లోనూ మారింది."

కావున సకల పారిశ్రామికవాడ ప్రజలారా, చెవులు రిక్కించి వినండి. ఆ మహర్నవమినాడు, మూడు తలల రాక్షసి నేలకూలగా, అందరి ఫోన్లలోనూ ఒక్కసారే, పన్నెండు బేరింగులు పదకొండయ్యాయి.