గూడేనికొచ్చిన జీపు

ఈసారి ఎలాగైనా తల్లి మొగిలమ్మ చేత ఓటు వేయించాలని రాజమల్లు తెల్లవారకముందే కట్టయ్య చేత బండి కట్టించాడు. పాలకుర్తికి అవతల ముప్పై గడపల గూడెం వాళ్లది. ఓట్లు మాత్రం ఎప్పుడూ మూడు కోసుల దూరంలోని పెద్ద ఊళ్లోనే. వాగు ఇసుక దాటి అంత దూరం నడవలేక మొగిలమ్మ ఇంతవరకు ఒక్క ఓటూ వేయలేదు. ఓట్ల పెట్టె మా గూడెంలోనే పెట్టండని రాజమల్లు రెండేళ్ల కింద దరఖాస్తు పెట్టాడు. జవాబు లేదు. సర్కారు చెవికి మన గొంతు ఎక్కడ ఆనుతుందిలే అని ఊరుకున్నాడు.

మొగిలమ్మ కొత్త చీర కట్టుకుని బండెక్కబోతుంటే, దుమ్ము రేపుకుంటూ ఒక జీపు వచ్చి బడి ముందు ఆగింది. అందులోంచి ఒక పెట్టె, ఒక బల్ల, ఒక అడ్డుతెర దిగాయి. మట్టెవాడ నుంచి వచ్చిన ఆఫీసరు నయీముద్దీన్ చేతిలో కాగితాలు ఊపాడు.

"రాండ్రి, రాండ్రి! మీ అందరి పేర్లు మా లిస్టుల ఉన్నయ్. ఫికర్ చెయ్యకుండ్రి, ఒక్క నిమిషంల అయిపోతది!"

అది డెబ్బై ఏడో సంవత్సరం. ఎమర్జెన్సీ రోజుల్లో పక్క ఊరికి ఇలాగే జీపు, తెర, లిస్టు వచ్చాయని, మగవాళ్లను పట్టుకుని పిల్లలు పుట్టకుండా కోసి పంపారని గూడెమంతా కథలు కథలుగా విని ఉంది. రాజమల్లు ఒక్క దూకులో బండెక్కి అరిచాడు.

"ఆపరేషనోళ్లు! ఉరుకుండ్రి!"

రెప్పపాటులో బండి నిండా మగవాళ్లే; చోటు దొరకనివాళ్లు బండి వెనకే పరుగు. కట్టయ్య ఎద్దుల తోకలు మెలిపెట్టాడు.

"ఓరి, నన్ను ఎక్కించుకోండ్రిరా!" మొగిలమ్మ చేతికర్ర ఎత్తింది.

"నిన్నేం చెయ్యరే, అవ్వా!" అని రాజమల్లు కేకేశాడు. కేకైతే వేశాడు గాని, దారి పొడవునా సిగ్గుతో చచ్చిపోయాడు. తల్లికి మాటిచ్చి, ఆమె కూర్చోవలసిన చోట తను కూర్చున్నాడు మరి.

పెద్ద ఊళ్లో ఓట్ల గుమాస్తా లిస్టంతా వెతికి తల అడ్డంగా ఊపాడు. "మీ పేర్లు ఈడ లేవు. మీ గూడెంలనే ఉన్నయ్. ఆడికే పోండ్రి."

"చూసినవా, కట్టయ్యా! వీళ్లూ వాళ్లూ ఒక్కటే," అన్నాడు రాజమల్లు. "మనల్ని మల్ల ఆళ్ల చేతికే పట్టిస్తాండ్రు!"

గుమాస్తా ఇంకేదో చెప్పబోయాడు. వినడానికి ఎవరున్నారు? మగవాళ్లంతా పొద్దు వాలేదాకా తాటివనంలో పడి ఉండి, ఆకలికి తాళలేక గూడెం దారి పట్టారు.

అక్కడ జీపులోకి పెట్టె ఎక్కిస్తున్నారు. మొగిలమ్మ బడి మెట్ల మీద కూర్చుని, వేలికంటిన సిరాను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఏమైందే, అవ్వా? ఏం చేసిండ్రు?"

"ఓటేయించిండ్రు, ఇంకేం చేస్తరు? ఇంట్ల నుంచి ఇరవై అడుగులు. నీ దరఖాస్తు మంజూరైందట, కొడుకా. ఆ కాగితం పెద్దూరి పటేలు ఇంట్లనే ఉండిపోయిందట. ఆడోళ్లమంత వేసినం."

రాజమల్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో సంతోషమెంతో, సిగ్గెంతో అతనికే తెలియలేదు. జీపు దగ్గరికి పరుగెత్తాడు.

"సాబ్, జర మా ఓట్లు గూడ తీసుకోండ్రి!"

"టైమైపోయింది, భాయ్. పెట్టెకు సీలేసినం," అన్నాడు నయీముద్దీన్, నిజంగానే నొచ్చుకుంటూ.

జీపు కదిలింది. గూడెంలో పోలింగు పూర్తి ప్రశాంతంగా జరిగిందని అతను అప్పటికే రిపోర్టు రాసేశాడు.