పసుపు కొమ్ముకు అర్థం

ఆదివారం కాబట్టి, భార్య సౌమ్యను డిగ్రీ క్లాసు దగ్గర దింపేసి, అటునుంచి అటే అంకాపూర్ వెళ్ళి నాటుకోడి కూర తిందామని ఆర్మూర్ పసుపు వ్యాపారి రాజేశ్వర్ పొద్దున్నే అనుకున్నాడు. పెళ్ళితో ఆగిన చదువును సౌమ్య దూరవిద్యలో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు ఒక పాతకాలపు కథ మీద ఆమె క్లాసులో మాట్లాడాలి.

"గీ కథల మొగడు 'నా పెండ్లాం పసుపు కొమ్ము' అంటడు. గట్ల ఎందుకన్నడంటవ్?" అని అడిగింది.

పసుపు గురించి అడిగితే రాజేశ్వర్ ఆగుతాడా? చెప్పులు విడిచి కూర్చున్నాడు. "తవ్వినప్పుడు కొమ్ముకు అంత మన్నే ఉంటది. మంచిగ ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, డ్రమ్ముల వేసి తిప్పాలె. అప్పటిదాంక మెరవదు, రేటు రాదు."

"అంటే ఈ ఇంటికొచ్చినప్పుడు నేను మన్నులెక్క ఉన్ననా?"

"నేను కొమ్ము సంగతి చెప్తున్న."

"మరి ఇప్పుడు రేటొస్తదా?"

వెంటనే వస్తదంటే అయిపోయేది. రాజేశ్వర్ ఆలోచించాడు. ఆ ఆలోచనే కొంప ముంచింది. సౌమ్య క్లాసుకు రానని పుస్తకం మూసేసి, వేల్పూర్‌లో ఉన్న తల్లి మంగవ్వకు ఫోన్ చేసింది.

ఫోన్‌లో కథ జారిపోయి రేటు మాత్రం మిగిలింది. మంగవ్వ ఆటో కట్టించుకుని వచ్చేసింది. "అల్లుడా, నా బిడ్డకు రేటు కడుతున్నవట."

"అత్తా, గది కథలున్న మాట."

"నాకు కథలు చెప్పకు."

అప్పుడే పక్కింటి లక్ష్మవ్వ గోడ మీంచి తొంగిచూసింది. "ఇల్లు అమ్ముతున్నరా? మా తమ్మునికి చెప్పాల్నా?"

రాజేశ్వర్‌కు నిజంగానే దిగులు పట్టుకుంది. ఇన్నాళ్ళకు మొదలైన చదువు తన నోటి వల్ల ఆగకూడదు. "తిట్టేదుంటే తొవ్వల తిట్టు. జర క్లాసుకైతే పోదాం పా" అని బతిమాలి, అత్తను కూడా కారెక్కించాడు. సౌమ్య దారి పొడుగునా తిట్టింది. ఆమె అలిసినప్పుడు మంగవ్వ అందుకుంది.

క్లాసులో బాబురావు సార్ ఆ పోలికకు అర్థం అడిగాడు. సౌమ్య కోపం ఇంకా చల్లారలేదు. "గా మొగనికి పసుపు తెలుసు సార్, పెండ్లాం తెల్వది. ఆమె గురించి చెప్పిన అనుకుంటడు గని, ఆయన సంగతే చెప్పుకున్నడు."

బాబురావు ముఖం వెలిగిపోయింది. "మస్తు ఏండ్ల సంది చెప్తున్న, గింత మంచిగ ఎవలూ పట్టుకోలే. నీకెవలు చెప్పిన్రమ్మా?"

సౌమ్య తలుపు దగ్గర నిలబడ్డ భర్త వైపు చూసింది. "మా ఇంటాయన సార్. దగ్గరుండి చూపిచ్చిండు."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియకపోయినా అల్లుడి పక్కన నిలబడ్డ మంగవ్వ కూడా కొట్టింది. రాజేశ్వర్ అందరికీ నమస్కారం పెట్టాడు.

మరుసటి ఆదివారం క్లాసులో చెప్పే కథలో భార్య భర్తను దున్నపోతుతో పోలుస్తుందని తెలిసి, రాజేశ్వర్ ఆ రోజుకు ఆలూర్‌లో పని పెట్టుకున్నాడు.