స్నానాలగదికి కొత్త బల్బు

తెల్లవారితే పెళ్ళిరోజు. కిందటేడు ఇదే సందర్భానికి నిదానం తన భార్యకు బరువు తూచే యంత్రం కొనిచ్చాడు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చాడు, పైన రంగు కాగితం కూడా చుట్టించాడు. ఆమె విప్పి, దానివైపు కాసేపు, ఇతనివైపు కాసేపు చూసి, మంచం కిందికి తోసేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఈసారి ఆమెకు ఏం కావాలో ముందే తెలుసుకుని అదే తేవాలని, పొద్దున్న పళ్ళు తోముకుంటూ నిశ్చయించుకున్నాడు.

అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారేమో. అడిగితే "నాకేం వద్దండీ" అంటుంది. నిజంగానే ఏమీ తేకపోతే వారం దాకా ముక్తసరిగా మాట్లాడుతుంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు చెబుతున్నాను, ఆ మాట నమ్మి మోసపోకండి.

నిదానం అతని అసలు పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. జనం ఫొటోలు పెట్టుకుని కబుర్లాడుకునే ఒక సోషల్ మీడియా కంపెనీలో ఫిర్యాదుల విభాగం అతనిది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదు నంబరు కొట్టి వాళ్ళ ఖాతా తెరిచి చూడొచ్చు. ఫిర్యాదు లేకుండా తెరవడం తప్పు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసే, ఎవరిదో పిల్లి ఫొటో పోయిందన్న పాత ఫిర్యాదు నంబరు కొట్టి, భార్య ఖాతా తెరిచాడు.

ఆమె తన అక్కకు రాసిన సందేశం కనబడింది. "రేపు ఏం తెస్తారో అని గుండె దడగా ఉందే." అంతే. ఏం కావాలో ఒక్క ముక్క లేదు. నిట్టూర్చి మూసేశాడు.

కాఫీ తాగి వచ్చేసరికి భార్య ఫోను.

"ఏవండీ, మీ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మా ఉద్యోగి ఒకరు మీ ఖాతా తెరిచి చూశారు అని. ఎవరండీ వాడు?"

నిదానానికి పైప్రాణాలు పైనే పోయాయి. ఖాతా తెరిస్తే సొంతదారుకు నోటీసు వెళ్ళే ఏర్పాటు చేశామని మొన్న మీటింగులో చెప్పారు. ఆ మీటింగులో అతను వెనక వరసలో కునుకు తీశాడు.

"పొరపాటున వచ్చుంటుందిలే. నేను కనుక్కుంటా," అన్నాడు.

"కనుక్కోండి. వాడి ఉద్యోగం ఊడేదాకా నేను ఊరుకోను."

ఆమెకు తనమీద అనుమానం వచ్చిందేమో తెలుసుకునేదాకా అతనికి కాలు నిలిచేలా లేదు. అనుమానం వస్తే ముందు అక్కతోనే అంటుంది. పాత నంబరు కొట్టడం వల్లే నోటీసు వెళ్ళి ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకుని, ఈసారి తాజా ఫిర్యాదు నంబరు కొట్టి వదినగారి ఖాతా తెరిచాడు. "పాపం, మా ఆయన కనుక్కుంటానన్నారు" అని ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. ఈలోపు వదినగారికీ నోటీసు వెళ్ళింది.

అక్కాచెల్లెళ్ళు ఈ గోల వాళ్ళమ్మ చెవిన వేశారేమోనని అత్తగారి ఖాతా కూడా తెరిచాడు. వెయ్యలేదు. కానీ ఇప్పుడు ఆవిడకూ నోటీసు అందింది, కాబట్టి తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి ముగ్గురూ కలిసి చేసిన ఫిర్యాదు వచ్చింది. మేనేజరమ్మ స్వయంగా అతని బల్ల దగ్గరికొచ్చింది.

"ఒక కుటుంబం మీద మనవాడెవడో పగబట్టాడండి. వాడి పేరు రేపు పొద్దున్నకల్లా రికార్డుల వాళ్ళు పంపిస్తారు. వాణ్ణి ఇంటికి పంపించడమే. ఈలోపు ఆ ఆడవాళ్ళతో మీరు మాట్లాడండి, మీకు ఓపిక ఎక్కువ."

"సరేనండి," అని నీళ్ళు నమిలాడు నిదానం.

సాయంత్రం కంప్యూటరు కట్టేసే ముందు, ఇంతదాకా వచ్చాక ఇంకొక్కసారికి ఏమవుతుందిలే అని భార్య ఖాతా మళ్ళీ తెరిచాడు. అక్కకు కొత్త సందేశం. "స్నానాలగదిలో బల్బు పోయింది. ఆయనకు చెప్పడం మరిచిపోయాను. చీకట్లోనే స్నానం చెయ్యాలి కాబోలు."

అది చదివి అతని మనసు నీరైపోయింది. ఉద్యోగం పోతే పోయింది, ఆమె చీకట్లో అవస్థ పడకూడదు. దారిలో దిగి బల్బు కొన్నాడు.

ఇంట్లోకి రాగానే స్టూలు లాక్కుని స్నానాలగది వైపు నడిచాడు. భార్య చేతులు కట్టుకుని వెనకే వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"బల్బు పోయిందిగా, కొత్తది తెచ్చాను."

ఆమె చెయ్యి చాపి స్విచ్చి వేసింది. గది దివ్యంగా వెలిగింది.

"పోయిందని మీకెవరు చెప్పారు?"

"నువ్వే కదా."

"మీకు చెప్పలేదండీ. అక్కకు రాశాను."

నిదానం స్టూలు మీదే కూలబడ్డాడు. "నీకేం కావాలో తెలుసుకుందామని చూశానే. నిరుటిలా నీ మొహం చిన్నబోతే నేను చూడలేను," అన్నాడు.

ఆమెకు కోపం, నవ్వు, జాలి కలిసి వచ్చాయి. చివరికి కోపమే గెలిచింది, కాకపోతే కొద్ది తేడాతో. "నా వరకు సరే. మా అమ్మ ఏం పాపం చేసింది? ముందు మీ మేనేజరుకు ఫోన్ చేసి ఒప్పుకోండి," అంది.

చేశాడు. అంతా విన్న మేనేజరమ్మ, ఫిర్యాదు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటే ఉద్యోగం వరకు ఆలోచిస్తానంది. వదినగారు నవ్వి వదిలేసింది. మిగిలింది అత్తగారు.

"నావి ఏమేం చదివారు బాబూ?" అని అడిగిందావిడ.

"ఒట్టు, ఏమీ చదవలేదండీ. వాళ్ళిద్దరి నుంచి ఏమైనా వచ్చిందా అని చూసి వెంటనే మూసేశాను."

"అంటే నేను రాసేవి చదవడానికి పనికిరావనా?"

ఆవిణ్ణి బతిమాలి దారికి తెచ్చేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది.

ఉద్యోగం నిలిచింది గానీ ఖాతాలు తెరిచే అధికారం పీకేశారు. కొత్తగా చేరినవాళ్ళకు ఇతరుల ఖాతాల్లోకి ఎందుకు తొంగి చూడకూడదో పాఠం చెప్పే పని అప్పగించారు. వెనక వరసలో కునికేవాళ్ళను అతను ఇట్టే పట్టేస్తాడని పేరు.

పెళ్ళిరోజుకు ఆమెకు దక్కిన బహుమతి మాత్రం ఆ బల్బే. బరువు తూచే యంత్రం కన్నా నయమేనని ఆమె అక్కకు రాసి, ఆ సందేశాన్ని భర్తకు తనే చదివి వినిపించింది.