మా ఆవిడ బ్లాగులో మేధావి

మా డిపోలో నన్నందరూ "ఫార్మాట్ గారూ" అని పిలుస్తారు. ఎవరి కంప్యూటరు ఏ జబ్బుతో వచ్చినా నేను చేసే వైద్యం ఒక్కటే. ఉన్నదంతా తుడిచేసి మొదటినుంచి ఎక్కించడం. తలనొప్పి అంటే తలే మార్చేసే డాక్టరునన్నమాట. వాళ్ళు వెక్కిరింతకు పెట్టిన పేరును నేను బిరుదుగా పుచ్చుకున్నాను.

ఏ బస్సు ఎప్పుడు కదలాలో నిర్ణయించడం నా ఉద్యోగం. అది పొట్టకూటికి. ప్రాణం మాత్రం మా ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. ఆ కంప్యూటరుకి ఒక పక్క మూత ఉండదు. రోజూ విప్పేదానికి బిగించడం దండగని తీసి మంచం కిందకు తోసేశాను.

"ఇది మీ రెండో సంసారం" అంటుంది మా ఆవిడ.

"మొదటి సంసారం కంటే నయం. చెప్పిన మాట వింటుంది" అంటాను.

"వింటే రోజూ దాని పొట్ట ఎందుకు కోస్తున్నారో?"

నాకొక బ్లాగుంది. కంప్యూటరు కిటుకులన్నీ తేట తెలుగులో విప్పి చెబుతాను. దానికి ఇద్దరు పాఠకులు. ఒకడు నేను, రెండోవాడు మా బావమరిది. ఓసారి పొరపాటున ఖాళీ టపా వేస్తే దాని కింద కూడా "అద్భుతం బావా, చాలా నేర్చుకున్నాను" అని రాశాడు. అప్పటినుంచి అతని అభిమానం మీద నాకు చిన్న అనుమానం.

మా ఆవిడ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. పిల్లల కోసం కథలు అల్లుతుంది. "నువ్వూ ఒక బ్లాగు పెట్టరాదూ, నేను నేర్పిస్తాను" అన్నాను. నలుగురిలో గురువునని చెప్పుకోవచ్చని ఆశ. కొరివితో తల గోక్కోవడమంటే అదేనని అప్పుడు తెలియలేదు.

ఆవిడ బ్లాగులో కథలుండేవి, కథకీ కథకీ మధ్య నేనుండేవాణ్ణి. ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం తీయబోయి చొక్కా చెయ్యి ఇరికించుకోవడం, కరెంటు పోతే కంప్యూటరు చచ్చిపోయిందని దాన్ని మొత్తం విప్పి పరుపు మీద పరవడం, అన్నీ పూసగుచ్చినట్టు రాసేది. డ్రైవర్లు చదివారు. కండక్టర్లు చదివారు. చివరికి మా డిపో మేనేజరు పొద్దున్నే నన్ను ఎగాదిగా చూసి, "ఇవాళ చొక్కాకి రెండు చేతులూ ఉన్నాయే!" అన్నారు.

ఇంటికొచ్చి ఎగిరిపడ్డాను.

"ఇంటి గుట్టు వీధిలో పెడతావా?"

"వీధిలో ఎక్కడ పెట్టాను? బ్లాగులో పెట్టాను."

"నలుగురూ చదువుతున్నారు!"

"నలుగురు కూడా లేనిది మీ బ్లాగుకి. నాకు నాలుగొందలమంది."

మాటలతో మా ఆవిడని గెలవడం నావల్ల కాదు. కానీ నా చేతిలో సాఫ్ట్‌వేరు ఉంది.

దాని పేరు అక్షరమిత్ర. సొంతంగా, సెలవు రోజులన్నీ ధారపోసి రాసుకున్నాను. తెలుగులో టైపు చేస్తుంటే మరిచిపోయిన ఒత్తు తగిలిస్తుంది, మింగేసిన దీర్ఘం కక్కిస్తుంది. మా ఆవిడ కథలన్నీ దాని చేతిమీదుగానే వెళ్ళేవి. అందులో ఆవిడకు తెలియకుండా చిన్న మెలిక పెట్టాను. రాసేటప్పుడు రాసినట్టే కనిపిస్తుంది. ప్రచురించు మీట నొక్కగానే కొన్ని మాటలు వేషం మార్చుకుంటాయి. "బద్ధకం" అని రాస్తే "ఓపిక" అయిపోతుంది. "గురక" పోయి "గానం" వస్తుంది. "పాడు" ఉన్నచోట "బాగు" పడుతుంది. ముద్దుగా ఓసారి నన్ను అడ్డగాడిద అని రాసింది లెండి, అంచేత "గాడిద" బదులు "మేధావి".

మొదటి టపాలోనే ఫలితం కనిపించింది. "మా ఆయన ఓపిక చూసి తాబేళ్ళు సిగ్గుపడాలి" అని వచ్చింది. తాబేళ్ళ సంగతి ఎలా ఉన్నా నా ఛాతీ రెండంగుళాలు పొంగింది.

తరవాతి టపా ఇంకా బ్రహ్మాండం. "మా ఆయన ముట్టుకున్న కంప్యూటరల్లా బాగు చేస్తారు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు. ఇక ఆయన గానమైతే వీధి చివరిదాకా వినిపిస్తుంది." ఆవిడ రాసిందేమిటో నాకు తెలుసు, లోకానికి తెలియదు. లోకానికి తెలియకపోతే చాలు కదా!

ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. ఎదురింటి కాంపౌండరు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు కంప్యూటరు ఎత్తుకుని నిలబడ్డాడు. ఆయన వెనక టైలరు. ఆయన వెనక రిటైరైన పోస్టుమాస్టరు. మెట్లమీద ఇంకా జనం.

"మీరు చెయ్యేస్తే చాలటగా! మీ ఆవిడగారు రాశారు" అన్నాడు కాంపౌండరు.

మా ఆవిడ నవ్వుతూ కుర్చీలు తెచ్చి వేసింది. "ఒక్కొక్కరే రండి, తోసుకోకండి. ఆయనకి ఓపిక ఎక్కువ."

సాయంత్రానికి నా నడుము ప్రశ్నార్థకమైంది. అయినా గర్వంగానే చెబుతున్నాను, సగానికి పైగా నిజంగానే బాగుపడ్డాయి. మిగతావాటికి నా బిరుదు సార్థకం చేశాను.

నడుముకి కాపడం పెట్టుకుంటుంటే సంగీతం మాస్టారు వచ్చారు. "మనలో ఇంతటి గాయకులుండి ఇన్నాళ్ళూ తెలియలేదు! పిల్లల లైబ్రరీ వార్షికోత్సవంలో మొదటిపాట మీదే. ఏదీ, ఒక్క ముక్క వినిపించండి."

నేను కాపడం గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆయన పడుకుంటే గానీ మొదలెట్టరండీ" అంది మా ఆవిడ.

"ఆహా, ఏం సాధన!" అని మాస్టారు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఇంతవరకూ నా ఒంటికే తగిలింది, సర్దుకున్నాను. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసిన రోజు మాత్రం వ్యవహారం నా ఒళ్ళు దాటింది. వార్షికోత్సవంలో మా ఆవిడ కొత్త కథని ఆవిడచేతే చదివించాలనుకుంటున్నారట. ఒక పిల్లల పత్రిక సంపాదకుడు కూడా వస్తున్నారట. ఏం కథా అని బ్లాగు తెరిచాను.

"అనగనగా ఒక మేధావి. దానికి పొడుగు చెవులు, నాలుగు కాళ్ళు. రోజంతా బడి కట్టడానికి ఇటుకలు మోసేది. అలిసిపోతే మట్టిలో పొర్లి ఓండ్ర పెట్టేది."

నా చెమటకి కీబోర్డు తడిసింది. మా ఆవిడ రాసింది గాడిద కథ! నిండు సభలో ఆవిడ ఇది చదివితే? సంపాదకుడు ముక్కున వేలేసుకుంటే? నా పరువు కాపాడుకోబోయి ఆవిడ పరువు గంగలో కలిపానే!

ఆవిడ బజారుకి వెళ్ళగానే బల్లముందు కూలబడ్డాను. ఒక్కో మాటా వెతికి దిద్దే తీరిక లేదు. బ్లాగు మొత్తం మీద ఒకేసారి తిరగమోత వేశాను. మేధావి ఉన్నచోటల్లా గాడిద, గానం ఉన్నచోట గురక, బాగు ఉన్నచోట పాడు. మీట నొక్కి, గండం గడిచిందని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మర్నాడు మేము కాఫీ తాగుతుంటే మా ఆవిడ ఫోన్ మోగింది. వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్. ఫోన్ చెవి దగ్గర పెట్టనక్కర్లేకుండానే ఇల్లంతా వినిపించింది.

"ఏమ్మా, నేను గాడిదనా?"

"అయ్యో, ఎవరన్నారు మేడమ్?"

"నువ్వే రాశావు! 'మా హెడ్‌మిస్ట్రెస్ గారంతటి గాడిద ఈ చుట్టుపక్కల లేరు' అని. టీచరువై ఉండి 'లేదు' అని రాయక్కర్లేదూ? వ్యాకరణం కూడా తప్పే!"

ఆ ఫోన్ పెట్టేలోగా సంగీతం మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. పోయినేడు ఆయన కచేరీ గురించి మా ఆవిడ మనస్ఫూర్తిగా మెచ్చుకుని రాసిన మాట ఇప్పుడిలా తయారైంది: "మాస్టారి గురక వింటూ సభంతా మైమరిచిపోయింది." ప్రతి టపా చివరా ఆవిడ రాసే "అందరూ బాగుండాలి" కాస్తా "అందరూ పాడుండాలి" అయి కూర్చుంది. శాపనార్థాలు పెడుతున్నదేమిటని బడి పిల్లల తల్లులు వరసగా ఫోన్లు చేస్తున్నారు.

మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టి నావైపు చూసింది. అరవలేదు. అరిస్తే బావుండేది.

"ఏం చేశారు?"

చెప్పేశాను. అక్షరమిత్రలో మెలిక, నిన్నటి తిరగమోత, అంతా. ఆవిడ చివరిదాకా విని కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"మెలిక సంగతి మొదటిరోజే తెలుసు."

"ఎలా?"

"బడిలో కంప్యూటరు లేదా? మీ మెలిక పడ్డ మొదటి టపాలోనే పిల్లిపిల్ల కథ కూడా వేశాను. 'కాపాడు కాపాడు అని అరిచింది' అని రాస్తే 'కాబాగు కాబాగు' అని పడింది. కాబాగు అంటే ఏంటి టీచర్ అని పిల్లలు అడిగారు. అదొక జాతి పిల్లి అని చెప్పాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"కష్టపడి రాసుకున్నారు, పనిచేస్తోంది, ఆపడమెందుకు? ఏ మాట వేస్తే ఏది వస్తుందో కనిపెట్టి నేనూ వాడుకున్నాను. వీధిలో వాళ్ళంతా మీ చేత కంప్యూటర్లు చూపించుకోవాలని నన్ను ఎప్పట్నుంచో అడుగుతున్నారు. మీరేమో ఆదివారం సోఫా దిగరు. అందుకే 'పాడు చేస్తారు' అని రాశాను."

నేను ఆవిడకు గొయ్యి తవ్వాననుకున్నాను. అందులో దిగి ఆవిడ బావి కట్టుకుని నీళ్ళు తోడుకుంటోంది!

"గాడిద కథ మాత్రం నిజంగా మరిచిపోయి వేశాను" అంది. "మర్నాడు క్లాసులో పిల్లలు చదివి బెంచీల కింద దొర్లి నవ్వారు. గాడిదలో ఆ నవ్వు లేదు. అందుకే మేధావినే ఉంచేశాను. లైబ్రేరియన్ గారికి నచ్చింది కూడా అదే. మీరొచ్చి దాన్ని మళ్ళీ గాడిదని చేశారు."

"ఇప్పుడెలా?"

"నేను ఫార్మాట్ గారి భార్యని. రాసిన ప్రతి ముక్కా పెన్‌డ్రైవ్‌లో దాచుకోకుండా మీ ఇంట్లో ఎలా బతుకుతాను?"

గుమ్మంలో ఉన్న మాస్టారిని కూర్చోబెట్టి, ఆయన కాఫీ పూర్తయ్యేలోగా బ్లాగంతా యథాస్థానంలో పెట్టేసింది. నన్నొక్క మీట కూడా ముట్టుకోనివ్వలేదు. మొదటిపాట మళ్ళీ మాస్టారికే అప్పగించింది. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది. అవతలినుంచి పెద్ద నవ్వు వినిపించింది. "కథలో బడిని మోసేది గాడిదేగా? అయితే నేనే, ఒప్పుకుంటున్నాను" అన్నారావిడ.

వార్షికోత్సవం నాడు లైబ్రరీ హాలు కిక్కిరిసిపోయింది. మా ఆవిడ మైకు ముందుకు వెళ్ళింది.

కథలో బడి పూర్తవుతుంది. తాపీమేస్త్రికి శాలువా కప్పుతారు, పెద్దమనుషులకు దండలు వేస్తారు. ఇటుకలు మోసిన మేధావిని గేటు బయటికి తోలేస్తారు. అది వెళ్ళిపోదు. గోడపక్క నిలబడి చెవులు నిక్కిస్తుంది. తను మోసిన ఇటుకల మధ్య పిల్లలు గొంతెత్తి అక్షరాలు వల్లెవేస్తుంటే, తనకు తెలిసిన ఒకే ఒక్క అక్షరంతో అదీ గొంతు కలుపుతుంది. ఆ ఓండ్ర విని ఒక పాప బయటికొచ్చి, "లోపలికి రా, నీది మొదటి బెంచీ" అంటుంది.

అంతవరకూ పకపకలాడిన పిల్లలే ముందు చప్పట్లు మొదలెట్టారు. తరవాత హాలంతా ఒకటే చప్పట్లు. హెడ్‌మిస్ట్రెస్ గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నేను కళ్ళద్దాలు లేకుండానే తుడుచుకున్నాను.

"ఈ కథలో మేధావి మా ఆయన పుణ్యం" అంది మా ఆవిడ మైకులో. "మూడో వరసలో కూర్చున్నారు."

హాలంతా నావైపు తిరిగింది. నేను లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, చేతులు జోడించాను. పిల్లలు చప్పట్లు కొడుతూ విరగబడి నవ్వుతుంటే అప్పుడు అర్థమైంది నేను ఏమని ఒప్పుకున్నానో. కూర్చుందామా అనుకుని మళ్ళీ మానేశాను. ఆ చప్పట్లలో సగం ఆవిడవి, నిలబడి వింటేనే మర్యాద.

సభ అయ్యాక పత్రిక సంపాదకుడు నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. కథ తీసుకుంటున్నారట, ఇంకా ఉంటే పంపమన్నారు. అవతల మా ఆవిడ చుట్టూ పిల్లలు మూగి సంతకాలు పెట్టించుకుంటున్నారు.

"మరి తమరేం చేస్తుంటారు?" అని అడిగారాయన.

"ఆవిడ భర్తనండీ" అన్నాను.

"అది తెలుసండీ, నేనడిగేది ఉద్యోగం."

"నేను చెప్పేదీ అదేనండీ."