సెల్మా చేతి పన్నీరు

ఆదివారం పొద్దున్న దొర్సాఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న రొట్టెలు తెచ్చేలోగా, అత్త నిద్ర లేచేలోగా, వంటింటి అలమర పైఅరలో ఉన్న సీసాలోంచి రెండు చెంచాల నారింజ పూల పన్నీరు చిన్న సీసాలోకి వంపుకోవాలి. సాయంత్రం వ్యానులో దాన్ని తను చదువుకునే ట్యూనిస్‌కి తీసుకుపోవాలి. ఇందులో గొడవకి చోటుందని ఎంత అనుమానపు మనిషికైనా తోచదు.

ఆ పన్నీరు వాళ్ళమ్మ సెల్మా చేతిది. వాళ్ళ ఊరు నాబుల్‌లో వసంతం వచ్చిందంటే ఇంటింటా పుల్ల నారింజ పూలు కొని, రాగి బట్టీ పొయ్యి మీదికెక్కించి పన్నీరు దించుతారు. అందరిదీ బాగానే ఉంటుంది. సెల్మాది మాత్రం ఒకసారి వాసన చూసినవాళ్ళు మళ్ళీ వంగి చూసేవారు. అందులో ఏం కలుపుతావని ఇరుగమ్మలు అడిగితే ఆమె నవ్వేసి, వంగి మంట తగ్గించేది. రెండేళ్ళ కిందటి చలికాలంలో ఆమె పోయింది. ఆమె దించినదాంట్లో మిగిలింది ఈ ఒక్క సీసా. దాన్ని ముట్టుకోకూడదని ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ముట్టుకోవడం లేదనే దొర్సాఫ్ నమ్మకం.

ఆమెకి వచ్చిన మార్కులకి ఫార్మసీ సీటు వచ్చేది. నాన్న మొంగీ హమ్మామెత్ వెళ్ళే బస్సు నడుపుతాడు. ఫలితాలు వచ్చిన రోజే డిపోలో అందరికీ మిఠాయి పంచి, మా ఇంట్లో మందుల కొట్టు లేవబోతోందని చెప్పేశాడు. తీరా కూతురు రసాయనశాస్త్రం కావాలంది. ఎందుకని ఒక్కసారే అడిగాడు. ఇష్టం అంది. ఇష్టమైతే సరే అన్నాడు గానీ, మిఠాయి తిన్నవాళ్ళకి మొహం చూపించలేక కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. ఆ తర్వాత ఆ ప్రస్తావన ఇంట్లో రాలేదు.

అసలు కారణం ఆమె ఒక్కరికే చెప్పింది, అదీ తప్పనిసరై. ఏ నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే యంత్రం ఒకటి యూనివర్సిటీలో ఉంది. అమ్మ పన్నీట్లో ఏముందో అది చెబితే, తను మళ్ళీ దించగలదు. చదువులో చేరినప్పటి నుంచీ ఆమె లోపల ఉన్నది ఇదే. ప్రొఫెసర్ నెజ్లా అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సోమవారం తీసుకురమ్మంది.

సీసా మూత గట్టిగా బిగించి ఉంది. దొర్సాఫ్ గుడ్డ పట్టి తిప్పింది. మూత వచ్చింది, దాంతోపాటు చెయ్యి జారింది. చిన్న సీసా నిండింది, గట్టు మీద మడుగు కట్టింది, పెద్ద సీసాలో సగం మిగిలింది. ఆమెకి ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి వ్యవధి లేదు. వంటలో వాడే కొట్టు పన్నీరు తీసి పెద్ద సీసాలో పాత మట్టం దాకా పోసి, గట్టు తుడిచి, మూత బిగించింది. చిన్న సీసా చేతిలో ఉండగానే జోహ్రా అత్త కాఫీ కోసం వంటింట్లోకి వచ్చింది.

"ఏమిటే అది?"

"మందు అత్తా. కడుపునొప్పికి."

అత్త చేతిలో కాఫీ గిన్నె ఆగిపోయింది. సరాసరి వీధిలోకి వెళ్ళి, రొట్టెలతో వస్తున్న తమ్ముణ్ణి గుమ్మం దగ్గరే ఆపింది.

మొంగీ లోపలికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. రొట్టెలు ఎక్కడ పెట్టాడో కూడా తెలియలేదు. తర్వాత అవి చెప్పుల అరలో దొరికాయి. తను అన్నదేమిటో దొర్సాఫ్‌కి అప్పుడు తట్టింది. అమ్మ కూడా ఇదే వంటింట్లో, ఇలాంటి చిన్న సీసా కొంగు చాటున పెట్టుకుని, ఇదే మాట అనేది. కడుపునొప్పికి మందు. ఆ మాట నమ్మి వాళ్ళు వైద్యం చేయించాల్సిన ఒక వేసవి మొత్తం పోగొట్టుకున్నారు.

నాకేం లేదు నాన్నా అంది. మీ అమ్మా అదే అనేది అన్నాడు. మందు కాదు అంది. మరేమిటి అన్నాడు. అమ్మ సీసా ఒలకబోశానని చెప్పలేక చిన్న సీసా వీపు వెనక దాచుకుంది. దాంతో మొంగీకి అంతా ఖాయమైపోయింది.

ఈలోగా అత్త గోడవతలి ఆవిడకి చెప్పింది, ఎవరికీ చెప్పవద్దని. కాసేపటికి ఒకావిడ మెంతుల కషాయం పట్టుకొచ్చింది. మరొకావిడ బార్లీ జావ తెచ్చింది. ఇంకొకావిడ ఏమీ తేకుండా వచ్చి, దొర్సాఫ్ తల ఒళ్ళో పెట్టుకుని, అచ్చం తల్లి పోలికేనని కళ్ళు ఒత్తుకుంది. కషాయం మీద జావ పడేసరికి దొర్సాఫ్‌కి నిజంగానే కడుపులో తిప్పింది. ఆమె పెరట్లోకి పరుగెత్తడం చూసి మొంగీ ఇంకాగలేదు. పక్కింటి కారు అడిగి, కూతుర్ని, అక్కని, ఆ చిన్న సీసాని ఎక్కించుకుని డాక్టరు హమాదీ ఇంటికి తోలాడు. సెలవు రోజైనా ఆయన తలుపు తీశాడు. సెల్మాకి వైద్యం చేసింది ఆయనే.

డాక్టరు కడుపు నొక్కి చూశాడు, నాలుక చూశాడు. ఏం తిన్నావంటే కషాయం, జావ అంది. తగ్గిపోతుందన్నాడు. మొంగీ చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది తాగుతోంది. ఏమిటో చెప్పండి. ఈసారి నాకు ముందే తెలియాలి."

డాక్టరు మూత తీసి వాసన చూశాడు. వేలికి రాసుకుని నాలుక చివర పెట్టుకున్నాడు. "నీళ్ళు," అన్నాడు. "కొట్టు పన్నీరు కాస్త కలిసినట్టుంది."

దొర్సాఫ్‌కి ఒళ్ళు మండింది. అది మా అమ్మ చేతి పన్నీరు, మందూ కాదు, నీళ్ళూ కాదు అంది. అక్కడితో ఆగలేకపోయింది. యంత్రం, ప్రొఫెసర్, ఫార్మసీ ఎందుకు వద్దంది, పొద్దున్న ఎలా ఒలికింది, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. కొట్టు పన్నీరు పోయకముందే చిన్నదాంట్లోకి వంపుకున్నాను, అందులో ఇంకేం కలవలేదు అంది.

మొంగీ కిటికీ వైపు చూస్తూ, డ్యూటీలో తప్పు జరిగిందని చెప్పేవాడిలా చెప్పాడు.

"శుక్రవారం శుక్రవారం కాఫీలో ఒక చెంచా వేసుకునేవాణ్ణి. తరుగు కనబడకుండా కుళాయి నీళ్ళు పోసేవాణ్ణి."

"నువ్వు పోసింది కుళాయి నీళ్ళా?" అంది జోహ్రా. ఆమె గొంతులో కోపం కంటే దిగులెక్కువ. "నీకు నిద్ర పట్టడం లేదని నీ దిండు మీద నేను చల్లేదాన్ని. నేను కొట్టు పన్నీరే పోశాను."

రెండేళ్ళలో ఎన్ని శుక్రవారాలో, ఎన్ని రాత్రులో లెక్క కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సెల్మా పన్నీరు ఎప్పుడో అయిపోయింది. అది అయిపోయిన సంగతి తెలియకుండా ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఖాళీ సీసాని కాపలా కాశారు. దొర్సాఫ్‌కి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో విరిగింది. నాన్న ఆమె తల దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. అమ్మ పోయినరోజు కూడా ఆయన అలా ఏడవలేదు. డాక్టరు ఫీజు తీసుకోలేదు గానీ, ఇకమీదట కడుపునొప్పి అనే మాట మీ ఇంట్లో నిజంగా కడుపు నొప్పి పుట్టినప్పుడే వాడండి అన్నాడు.

సాయంత్రం దొర్సాఫ్ ఎక్కకుండానే వ్యాను వెళ్ళిపోయింది. డాక్టరింటి నుంచి వచ్చే దారిలోనే మొంగీ బజారు దగ్గర కారు ఆపి బుట్టెడు పుల్ల నారింజ పూలు కొన్నాడు. అత్త అటక మీంచి రాగి బట్టీ దించి చింతపండు పెట్టి తోమింది. అప్పుడు మొదలైంది తగువు. సెల్మా గులాబీ వాసన వచ్చే జెరేనియం ఆకు వేసేదని అత్త, ఆకు కాదు నిమ్మతొక్క అని నాన్న, ఏమీ వేయకుండా మంట చిన్నది చేసేదని దొర్సాఫ్. ముగ్గురి మాటా చెల్లాలని ఆకూ తొక్కా రెండూ వేసి, మంట తగ్గిద్దామనుకున్నారు. వాదనలో మంట సంగతి మరిచారు. దిగిన పన్నీరు మాడు వాసన కొట్టింది.

దొర్సాఫ్ గిన్నె పక్కన కూలబడిపోయింది. మొంగీ కాఫీ కలుపుకుని, అందులో ఒక చెంచా మాడు పన్నీరు వేసుకుని, మొత్తం తాగాడు.

"పెళ్ళైన కొత్తలో మీ అమ్మ దించింది అచ్చం ఇలాగే ఉండేది," అన్నాడు. "తాగలేక చచ్చేవాణ్ణి. అది చేతికి రావడానికి ఆవిడకి పదేళ్ళు పైనే పట్టింది."

దొర్సాఫ్ తలెత్తి చూసింది. ఆయన అబద్ధమాడుతున్నాడేమోనని అత్త మొహం కూడా చూసింది. అత్త అవునన్నట్టు తలూపి, మాడిన పూలు పారబోయడానికి లేచింది.

యూనివర్సిటీలో రసాయనశాస్త్రం డిగ్రీ మూడేళ్ళలో అయిపోతుంది. పన్నీరు దించే చదువుకి పదేళ్ళు కావాలి.