నా మోకాలి సంగతి మా నాయనకే తెలుసు

నాలాంటి సిగ్గరి పిల్లలకు దేవుడు నోరెందుకిచ్చాడో తెలియదు కానీ, మోకాలి స్కానింగు మాత్రం మా మేలు కోసమే వచ్చింది! ఎక్కడ నొప్పో చెప్పే పని లేదు. అంతా యంత్రమే చూసుకుంటుంది. ఇంతకన్నా వరం ఏం కావాలి?

ఖోఖో ఆడుతూ పడి కుడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాను. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. వచ్చే వారమే కడపలో జిల్లా జట్టు ఎంపిక. పరుగెత్తవచ్చో లేదో తేల్చుకుందామని మా నాయన ఓబుళేశు నన్ను రాయచోటిలో స్కానింగు సెంటరుకు తీసుకెళ్లాడు.

అక్కడ బెంచీ మీద కడుపుతో ఉన్న ఆడవాళ్లంతా సీసాలెత్తి నీళ్లు తాగుతున్నారు.

"నువ్వూ తాగు పాపా. నిండా తాగితేనే లోపలంతా తేటగా కనపడేది" అని నాయన నా చేత రెండు సీసాలు తాగించాడు. మోకాలి దాకా ఆ నీళ్లెట్లా దిగుతాయో అని కొంచెం ఆలోచించాను. అడగలేదు.

లోపల డాక్టరు "ఏ కాలప్పా?" అన్నాడు.

"ఎడమది సార్" అన్నాడు నాయన.

పెద్దవాళ్ల మాటకు అడ్డం చెప్పొచ్చా? పైగా నీళ్ల బాధ ఒకటి! ఎడమ మోకాలే మడిచి పెట్టాను. డాక్టరు చల్లటి జిగురు పూసి నొక్కాడు.

"ఈడ నొప్పి ఉండాదా?" నాయననే అడిగాడు.

"శానా ఉండాది సార్. నిద్ర కూడా పోదు."

చెబుతూ చెబుతూ నాయన కళ్లు తుడుచుకున్నాడు. నా ఎడమ మోకాలు ఇంత కష్టపడుతోందని అప్పటిదాకా నాకే తెలియదు!

తెర మీద మృదులాస్థి నల్లటి గీతలా నున్నగా కనిపించింది. "బంగారంలాంటి మోకాలు. కడప కాదు, శ్రీశైలం దాకా పరుగెత్తినా ఏమీ కాదు" అన్నాడు డాక్టరు.

చూశారా యంత్రం గొప్పతనం? నొప్పే లేదని నిముషంలో తేల్చేసింది! ఇక కుంటితే ఆ తప్పు నాదే.

బల్ల దిగి కుడికాలు మోపగానే "అబ్బా!" అని కూలబడ్డాను.

నాయన నా కాళ్లు రెండూ మార్చి మార్చి చూశాడు. "ఏం ఖర్మో సార్, నొప్పి ఈ కాలికి మారినట్లుండాది!"

మళ్లీ బల్లెక్కి, డాక్టరు చేతిలోని పరికరాన్ని పట్టుకుని లాగి నా కుడి మోకాలి మీద పెట్టుకున్నాను.

తెర మీద గీత మధ్యలో తెగి ఉంది. కడప ప్రయాణమూ అక్కడే తెగిపోయింది.

"ముందే చెప్పొచ్చు గదా! పాపకు మాటలు రావా?" అన్నాడు డాక్టరు. నన్ను కాదు, నాయనను.

"ఎందుకు రావు సార్? శానా బాగా మాట్లాడతాది" అన్నాడు నాయన.