గుమాస్తాగారి వజ్రకవచం

నగర నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే గుమాస్తాగారు, నడివయసు దాటుతున్న తరుణంలో, లోకరక్షకుడు కాదలచుకున్నారని సమస్త ప్రజానీకానికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఇది హఠాత్తుగా తీసుకున్న నిర్ణయం కాదు. చిన్నప్పుడు ఆయన అద్దెకు తెచ్చుకుని చదివిన బొమ్మల పుస్తకాల్లో వజ్రకవచుడనే వీరుడు ఉండేవాడు. తలకు శిరస్త్రాణం, ఒంటికి వెండిరంగు కవచం, వీపున ఎర్రటి వస్త్రం. ఎక్కడ ఎవరు కేకపెట్టినా మరుసటి బొమ్మలో అక్కడ ప్రత్యక్షమయ్యేవాడు. గుమాస్తాగారు పెరిగి పెద్దవారై, ఎవరు కేకపెట్టినా "రేపు రండి" అని చెప్పే ఉద్యోగంలో స్థిరపడ్డారు. పిల్లల గ్రంథాలయం వారు బొమ్మల వీరుల వేషాల పోటీ పెట్టి, పెద్దలు కూడా పాల్గొనవచ్చని ప్రకటించగానే, ఆయనలో నిద్రపోతున్న వీరుడు లేచి కూర్చున్నాడు. నిలబడటానికి మాత్రం మోకాళ్ళు సహకరించలేదు.

వంటింటి పక్క గదిలో కవచ నిర్మాణం మొదలైంది. భార్య వ్యాయామానికని కొనుక్కున్న మెత్తటి ఫోమ్ చాప ఛాతీ పలకగా మారింది. దాన్ని వేడిచేసి వంచడానికి ఇస్త్రీపెట్టె వాడారు. అది మొదలు ఆ ఇస్త్రీపెట్టె ఏ చొక్కా మీద పెట్టినా అక్కడే అతుక్కుని విశ్రాంతి తీసుకోసాగింది. కొలతల విషయంలో గుమాస్తాగారు అద్దాన్ని నమ్మలేదు, బొమ్మల పుస్తకాన్ని నమ్మారు. తత్ఫలితంగా ఛాతీ దగ్గర ఇంకొక మనిషికి చోటు మిగిలింది, పొట్ట దగ్గర ఉన్న మనిషికే చోటు చాల్లేదు. నడుం వెనక పలకలు కలవక జానెడు ఖాళీ వస్తే, దాన్ని ఎర్రవస్త్రం కప్పుతుందని తీర్మానించారు. ఎర్రవస్త్రమంటే ముందుగది కర్టెను.

"అది తీసేస్తే వీధిలోవాళ్ళందరికీ మీరు కనిపిస్తారండీ," అంది భార్య.

"కనిపించాలనే కదా ఇంత శ్రమ."

"మీ సంగతి కాదు, నా పరువు సంగతి చెప్తున్నా."

అత్తగారు గుమ్మంలోంచి కాసేపు చూసి, కూతుర్ని పక్కకి పిలిచి, "అల్లుడుగారికి ఆఫీసులో ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగింది.

ఇక శిరస్త్రాణం. పాత స్కూటరు హెల్మెట్ మీద ప్లాస్టిక్ బకెట్ ముక్కలు, వాటిమీద అట్టపొరలు, కళ్ళకి రెండు చీలికలు, అన్నింటికీ ఆధారంగా బలమైన జిగురు. జిగురు డబ్బా మీద హెచ్చరిక ఉంది. వీరులు హెచ్చరికలు చదవరు. ఆదివారం సాయంత్రం, తడి ఆరకముందే, ఎలా ఉందో చూద్దామని కవచం తొడుక్కుని శిరస్త్రాణం పెట్టుకున్నారు. అది జుట్టుకి, భుజాల పలకలకి, గడ్డం కింద పట్టీకి ఏకకాలంలో అతుక్కుంది. భార్య నూనె పోసింది, అత్తగారు సబ్బునీళ్ళు పోసింది, స్కూలుకెళ్ళే ఆయన కూతురు రెండు చేతులతో పట్టి లాగింది. వీరుడు జారుతూ గదంతా తిరిగాడు గాని శిరస్త్రాణం కదల్లేదు.

సోమవారం పొద్దున్నే భార్య చేత అధికారిగారికి ఫోన్ చేయించి సెలవడిగారు.

"జ్వరానికి సెలవుంది, పెళ్ళికుంది, చావుకీ ఉంది," అన్నారు అధికారిగారు. "హెల్మెట్ ఊడకపోవడానికి లేదు. వచ్చెయ్యమనండి."

వీరుడు బస్సెక్కి, ఎక్కడా కూర్చోవడానికి వీలుకాక నిలువునా ప్రయాణించి, పక్కవాటుగా తలుపు దాటి తన కిటికీ దగ్గరికి చేరాడు. వరసలో మొదట ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకి ఆ కిటికీ పాతదే.

"బాబూ, మా వీధి కుళాయికి చుక్క రావట్లేదు. ఎన్నిసార్లు తిరిగానో నాకే గుర్తులేదు. ఇవాళైనా చూస్తారా?"

గుమాస్తాగారు అలవాటు ప్రకారం "రేపు రండి" అన్నారు. ఆ మాట బయటికి పోలేదు. శిరస్త్రాణం లోపలే తిరిగి, ఆయన చెవుల్లోనే గట్టిగా పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాటని ఆయనతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. మనసుకి కష్టంగా అనిపించింది. తలెత్తి చూడబోతే బరువుకి తల, అతుక్కున్న భుజాల పలకల్ని కూడా లాక్కుని, ముందుకు వాలింది. చీలికల్లోంచి ఆవిడ చేతులు మాత్రమే కనిపించాయి. బిందెలు మోసి కాయలు కాసిన చేతులు.

పెద్దావిడకి మాత్రం ఆయన తల ఊపినట్టు కనిపించింది. "చల్లగా ఉండు నాయనా," అంది.

ఒకసారి ఊపిన తలని వెనక్కి తీసుకునే పద్ధతి ఆ కార్యాలయంలో లేదు. అంతకుముందు ఎవరూ ఊపి ఉండకపోవడమే అందుకు కారణం. గుమాస్తాగారు లేచి ఆవిడ వెంట నడిచారు.

వీధి చివర నీళ్ళ గొట్టం వాల్వు దగ్గర దాని కాపలాదారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కవీధిలో అధికారిగారి తోటకి నీళ్ళు జోరుగా అందాలని ఆ వాల్వు మూసి ఉంచడం అతని విధి. వెండిరంగు ఆకారాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏ సెక్షన్ సార్?"

తల వాలింది.

"పైనుంచి ఆర్డరా?"

మళ్ళీ వాలింది. కాపలాదారు వాల్వు తిప్పాడు.

కుళాయి దగ్గి, బురద కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళు పోసింది. పెద్దావిడ కాసేపు చెయ్యి ధార కింద పెట్టి ఉంచింది. వీధంతా బకెట్లతోనూ ఫోన్లతోనూ వచ్చేసింది. శిరస్త్రాణం లోపల కారినదాన్ని తుడుచుకునే వీల్లేక గుమాస్తాగారు అలాగే నిలబడ్డారు. చెమట వల్లో, మరి దేనివల్లో, సాయంత్రానికల్లా జిగురు వదిలింది.

మర్నాడు పెద్దావిడ కిటికీ దగ్గరికి వచ్చి, "నిన్నటి ఆయన ఏరి బాబూ?" అని అడిగింది.

"నేనేనమ్మా."

ఆవిడ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "ఎందుకు బాబూ అబద్ధం. మీరు రేపు రమ్మనే ఆయన కదా."

ఈలోగా ఫోటోలు ఊరంతా తిరిగాయి. అధికారిగారు అత్యవసర సమావేశం ఏర్పాటు చేసి ఇలా ప్రసంగించారు: "ప్రజలకు కావలసింది వీరుడు. వీరుణ్ణి సమకూర్చడం మన శాఖ కనీస బాధ్యత. నీళ్ళదేముంది, అవి ఎప్పుడైనా ఇవ్వవచ్చు." కరతాళధ్వనులు చాలాసేపు మోగాయి. వాల్వు యథాస్థానానికి తిరిగింది. కాపలాదారుకి దూరప్రాంతానికి బదిలీ అయింది. గుమాస్తాగారు అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోటో తీశారు. అందులో ఆయన నవ్వుతున్నట్టు పడింది.

శాఖ వారు గుమాస్తాగారికి నిపుణుల చేత కొత్త కవచం చేయించారు. లోపల పట్టు, చెవుల దగ్గర చిన్న ఫ్యాను, దూదిలాంటి శిరస్త్రాణం. కిటికీ తీసేసి అక్కడ వేదిక కట్టారు. జనం పిల్లాపాపలతో వచ్చి, వీరుడి పక్కన నిలబడి ఫోటోలు దిగి, సంతృప్తిగా వెళ్ళసాగారు. ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయాయని శాఖకి ప్రశంసలందాయి.

ఒకరోజు ఆ వరసలోనే పెద్దావిడ వచ్చింది. "బాబూ, నీళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. చూస్తారా?" అంది.

కొత్త శిరస్త్రాణం తేలిక. దాని బరువుకి తల వాలదు, మనిషే వంచాలి. గుమాస్తాగారు వంచుదామనే అనుకున్నారు. అద్దాల గదిలో అధికారిగారు కాఫీ తాగుతూ ఇటే చూస్తున్నారు. మెడ నిటారుగా ఉండిపోయింది. ఆవిడ ఇంకోసారి అడిగింది. ఈసారి ఆయన మాట్లాడారు. కొత్త శిరస్త్రాణంలోంచి మాట చక్కగా బయటికి వినిపించింది.

"రేపు రండి."

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. "ఫోటో దిగితే దిగమ్మా, లేకపోతే పక్కకి జరుగు. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

ఆ మాట అన్నదెవరో గుమాస్తాగారు గమనించలేదు. పిల్లలతో దిగిన ఆ ఫోటోలో మాత్రం మీరు చాలా బాగా వచ్చారు.